సాంబారులో ఉల్లిపాయ ముక్కలు ఏరేస్తే సరిపోదు

కడుపుబ్బరం ఉన్నవాళ్లు భోజనాల దగ్గర తప్పకుండా చేసే పని ఒకటుంది. సాంబారు పోయించుకుని, ఉల్లిపాయ ముక్కలన్నీ ఏరి ఆకు వారకు నెట్టి, మిగతాది అన్నంలో కలుపుకుంటారు. సాయంత్రానికి పొట్ట డప్పులా బిగిసిపోతే "ఉల్లిపాయ మానేసినా ఇంతే" అంటారు. మానలేదండి. ఉల్లిపాయలో పేగును తిప్పలు పెట్టేది ఫ్రక్టాన్ అనే పిండిపదార్థం. అది నీళ్లలో కరుగుతుంది. సాంబారు మరిగేసరికి ముక్కలోంచి రసంలోకి దిగిపోయి ఉంటుంది. నూనెలో మాత్రం కరగదు.

ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్, అంటే కడుపునొప్పి, ఉబ్బరం, మలబద్ధకమో విరేచనాలో మళ్లీ మళ్లీ వచ్చే పేగు జబ్బు) ఉన్నవాళ్ల వంటలో ముప్పాతిక వంతు ఈ ఒక్క సంగతి మీదే నడుస్తుందని నా లెక్క. ఏది నీళ్లలోకి దిగుతుంది, ఏది దిగదు అన్నది తెలిస్తే గోదావరి జిల్లాల వంట దాదాపు ఏదీ వదులుకోనక్కర్లేదు. మూలికల టీల విషయంలోనూ తేడా కొట్టేది ఇక్కడే.

ముందు, ఇది ఐబీఎస్సేనా? కడుపులో ఏం తేడా చేసినా మన వైపు "గ్యాస్" అనో "పేగుపూత" అనో అనేస్తాం. డాక్టర్లు వాడే రోమ్ కొలమానం (2016లో వచ్చిన నాలుగో కూర్పు) ప్రకారం, గత మూడు నెలల్లో వారానికి కనీసం ఒక రోజు కడుపునొప్పి రావాలి. ఆ నొప్పికి మలవిసర్జనతో సంబంధం ఉండటం, ఎన్నిసార్లు వెళుతున్నారన్నది మారడం, మలం గట్టిగానో పల్చగానో మారడం, ఈ మూడింటిలో రెండైనా ఉండాలి. మొదలై ఆరు నెలలు దాటి ఉండాలి. మలంలో రక్తం, తెలియకుండా బరువు తగ్గడం, నిద్రలోంచి లేపే విరేచనాలు, రక్తహీనత, జ్వరం, నలభై అయిదు యాభై దాటాక కొత్తగా మొదలవడం, ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్ ఉండటం, వీటిలో ఒక్కటున్నా ఈ పోస్టు పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఏవీ లేకపోయినా రక్తపరీక్ష, థైరాయిడ్, మలపరీక్ష, గోధుమ పడని సీలియాక్ జబ్బుకు టీటీజీ పరీక్ష ఒకసారి చేయించుకోవడం మంచిది. టీటీజీకి ముందు గోధుమ మానకూడదు, మానితే జబ్బున్నా పరీక్షలో కనపడకపోవచ్చు. మనం అసలే మూడు పూటలా బియ్యం మీద బతికేవాళ్లం, కాబట్టి రోజూ చపాతీ తింటున్నారో లేదో పరీక్ష రాసే డాక్టరుకు చెప్పండి.

డెల్టాలో మలపరీక్ష సంగతి మరీ గట్టిగా చెప్పాలి. వేసవిలో కాలువలు కట్టేశాక చెరువు నీళ్లే దిక్కయ్యే ఊళ్లున్నాయి, వరదొస్తే లంకల్లో బోర్లు మునుగుతాయి. జియార్డియా, అమీబా, కొంకిపురుగు ఐబీఎస్ వేషంలో వస్తాయి. మరోవైపు, పరీక్ష లేకుండా కడుపు మెలిపెట్టినప్పుడల్లా అమీబా బిళ్లలు మింగేవాళ్లూ తక్కువ లేరు. ఇంకో మెలిక కూడా ఉంది. గట్టి విరేచనాల జబ్బు చేసి, క్రిమి పోయాక కూడా సుమారు పదిమందిలో ఒకరికి ఐబీఎస్ మిగులుతుంది. క్రిమి లేకపోయినా లక్షణాలు ఉంటాయి కాబట్టి మళ్లీ మళ్లీ బిళ్లలు వేయడం వల్ల ఒరిగేదేమీ లేదు. నీళ్లు మాత్రం ఎవరైనా సరే తెర్లేదాకా ఒక నిమిషం కాచే తాగాలి.

ఇక తిండి. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్‌లోని మోనాష్ యూనివర్సిటీ వాళ్లు ఫాడ్‌మ్యాప్ పద్ధతి అని ఒకటి తయారుచేశారు. చిన్నపేగులో సరిగా ఇంకని, పెద్దపేగులో పులిసే చిన్న పిండిపదార్థాలన్నిటికీ కలిపి పెట్టిన పేరది. ఉల్లి, వెల్లుల్లి, గోధుమల్లో ఫ్రక్టాన్లు. పప్పుల్లో గాలాక్టాన్లు. పాలలో లాక్టోజ్. మామిడిపండు, తేనెల్లో మోతాదు మించిన ఫ్రక్టోజ్. షుగర్‌ఫ్రీ చూయింగ్‌గమ్ముల్లో సార్బిటాల్. ఇవి పేగులోకి నీళ్లు లాగుతాయి, ఆ తర్వాత బ్యాక్టీరియా వీటిని పులియబెట్టి గ్యాస్ చేస్తుంది. ఆ గ్యాస్ అందరికీ వస్తుంది. ఐబీఎస్ ఉన్నవాళ్ల పేగు నరాలు దాన్ని నొప్పిగా చదువుతాయి, అదే తేడా. రెండు నుంచి ఆరు వారాలు ఇవి తగ్గించి చూడటం, తర్వాత ఒక్కోటీ తిరిగి తెచ్చి పరీక్షించడం, చివరికి పడనివి మాత్రమే వదిలేయడం, పద్ధతి అంతే. మొదటి మెట్టు మీదే ఏళ్ల తరబడి కూర్చునేవాళ్లు చాలామంది. పేగులోని మంచి బ్యాక్టీరియాకు తిండి ఆ పదార్థాలే కాబట్టి అది తప్పు. చిక్కిపోయి ఉన్నవాళ్లు, గర్భిణులు, పిల్లలు డైటీషియన్ లేకుండా ఈ పని మొదలుపెట్టకూడదు.

పప్పుతో మొదలుపెడదాం, ఎందుకంటే పప్పు మానేయమంటే ఎవరూ మానరు, మానక్కర్లేదు కూడా. పప్పులోని గాలాక్టాన్లు కూడా నీళ్లలోకి దిగే రకమే. ఇద్దరికి 100 గ్రాముల పెసరపప్పు తీసుకుని, మూడింతల నీళ్లలో రాత్రంతా నానబెట్టండి. ఆ నీళ్లు పారబోసి రెండుసార్లు కడగండి. మూత పెట్టే కుక్కర్లో కాకుండా గిన్నెలో, ఆరింతల నీళ్లు పోసి, పలుకు మెత్తబడేదాకా ఉడికించండి. గంజి వార్చినట్టే ఆ కట్టు వార్చేయండి. వేరే వేడినీళ్లు పోసి మెదిపి పోపు పెట్టండి. కుక్కర్లో ఇబ్బంది ఏమిటంటే, కొలిచి పోసిన నీళ్లన్నీ పప్పులోనే ఇంకిపోతాయి, దిగిన చక్కెరలు ఎక్కడికీ పోవు. వార్చినప్పుడు కొన్ని విటమిన్లు, పొటాషియం కూడా పోతాయి, నిజమే. కొన్ని వారాల పనికి అది పెద్ద నష్టం కాదు. ఇలా వండిన పప్పు పూటకు మూడు నాలుగు పెద్ద చెంచాలతో ఆపాలి. చాలామందికి కందిపప్పు కంటే పెసరపప్పు తేలిగ్గా పోతుంది.

ఇప్పుడు ఉలవచారు గురించి ఆలోచించండి. ఉలవలు గంటలకొద్దీ ఉడికించి, గింజలు పశువులకు పెట్టి, ఆ కట్టును చిక్కగా మరిగించుకుని మనం తాగుతాం. అంటే పారబోయాల్సింది ఏరి కోరి దాచుకుంటున్నాం! ఐబీఎస్ ఉన్నవాళ్లకు ఇంతకంటే గట్టి పరీక్ష లేదు. మీగడ వేసుకుంటే లాక్టోజూ, కొవ్వూ అదనం. కట్టుచారుదీ ఇదే దారి. చారు కావాలంటే చింతపండు, మిరియాలు, జీలకర్ర, ఇంగువతో పప్పు పడకుండా పెట్టుకోవచ్చు.

వెల్లుల్లికి దారి పోపులో ఉంది. నాలుగు పెద్ద చెంచాల నూనెలో ఆరు రెబ్బలు, చితక్కొట్టకుండా, సన్నని మంట మీద అయిదు నిమిషాలు. బంగారు రంగు రాగానే చిల్లుల గరిటెతో ఒక్కటి మిగలకుండా తీసేయండి. వాసన నూనెలో ఉండిపోతుంది, ఫ్రక్టాన్ రెబ్బతో పాటు బయటికి పోతుంది. ఇక్కడ రెండు తప్పులు జరుగుతాయి. రెబ్బలు చితక్కొడితే ముక్కలు నూనెలో మిగిలిపోతాయి. రెబ్బలు తీయకముందే టమాటానో, కడిగిన తడి కూరగాయలో పడితే ఆ నీళ్లలోకి ఫ్రక్టాన్ దిగుతుంది. ఇంకోటి, ఈ నూనె సీసాలో పోసి గట్టు మీద పెట్టొద్దు. గాలి ఆడని వెల్లుల్లి నూనెలో బొట్యులిజం తెచ్చే క్రిమి పెరగగలదు. ఏ పూటకాపూట చేసుకోండి.

ఉల్లిపాయ స్థానంలో ఉల్లికాడల్లోని పచ్చటి భాగం వేసుకోవచ్చు, తెల్లటి గడ్డ వద్దు. ఇంగువ శనగగింజలో సగమంత చాలు. బజార్లో దొరికే ఇంగువ పొడిలో చాలావాటిలో మైదా కలుస్తుంది. ఐబీఎస్‌కు ఆ కొంచెం పర్వాలేదు గానీ, సీలియాక్ అని తేలినవాళ్లు మైదా లేనిది వెతుక్కోవాలి.

చేపలకు, రొయ్యలకు, గుడ్లకు ఈ గోల లేదు, వాటిలో ఫాడ్‌మ్యాప్‌లే ఉండవు. పులస పులుసు తిని కడుపు చెడిందంటే నేరం చేపది కాదు, అందులో నూరి వేసిన ఉల్లిపాయ ముద్దది. పైన గరిటెడు నూనె తేలుతుంటే దానిది కూడా. కొవ్వు ఎక్కువైతే తిన్న వెంటనే పెద్దపేగు కదలిక జోరందుకుంటుంది, ఆకు ముందు నుంచి లేచి పరుగెత్తించేది అదే. పులుసు చిక్కదనానికి వేయించిన ధనియాలు, జీలకర్ర, ఒక పెద్ద చెంచా నువ్వులు నూరి వేయండి. మసాలా ముద్ద అంతా నూనెలో వేగాక చింతపండు పులుసు పోయండి. ఉల్లిపాయ తీపి ఉండదు కాబట్టి పులుపు కాస్త తగ్గించుకోవాలి, లేకపోతే పులుసు పళ్లకు పడుతుంది. కారం సంగతి వేరు. మిరపలోని ఘాటు పులిసేది కాదు, నొప్పి నరాలనే నేరుగా తడుతుంది. ఐబీఎస్‌లో విరేచనాలు ఎక్కువగా అయ్యే రకం వాళ్లు రెండు వారాలు కారం సగానికి తగ్గించి తేడా చూసుకోవాలి.

టిఫిన్లలో ఇడ్లీ మేలు. మినపప్పు నానబెట్టిన నీళ్లు పారబోస్తాం, రాత్రంతా పులియబెడతాం, ఒకటికి రెండు పాళ్లు బియ్యపురవ్వ కలుపుతాం. పులిసేటప్పుడు బ్యాక్టీరియా మన పేగు బయటే ఆ చక్కెరల్లో కొంత తినేస్తుంది. అంబాజీపేట వైపు పనసాకు బుట్టల్లో ఉడికే పొట్టిక్కలకూ ఇదే మాట. దిబ్బరొట్టె అలా కాదు. పిండి పులియకుండా, మినపపాలు ఎక్కువగా వేస్తే బరువుగా కూర్చుంటుంది. పెసరట్టు అయితే పులియని పొట్టు పెసలు, పైన ఉల్లిపాయ, లోపల గోధుమరవ్వ ఉప్మా, మూడు రకాలు ఒకే మడతలో. ఉప్మా, ఉల్లి లేకుండా ఒక్క అట్టు తిని చూడండి. అల్లం పచ్చడి నంజుకోవచ్చు, అందులో వెల్లుల్లి పడిందేమో మాత్రం అడగండి.

చద్దన్నం గురించి ఈ మధ్య పొగడ్తలు ఎక్కువయ్యాయి. చల్లారిన అన్నంలో కొంత పిండి అరగని రకంగా మారుతుంది. అది పెద్దపేగులో పులుస్తుంది. ఆరోగ్యవంతుడికి మంచిదే, ఉబ్బరం ముదిరి ఉన్నప్పుడు అంత మంచిది కాదు. అయినా చాలామందికి పడనిది అన్నం కాదు, దాంతో కొరికే పచ్చి ఉల్లిపాయ.

కప్పు పాలలో సుమారు 12 గ్రాముల లాక్టోజ్ ఉంటుంది. తోడుకున్నాక అందులో కొంత తగ్గుతుంది, పైగా పెరుగులోని బ్యాక్టీరియా మిగిలినదాన్ని అరిగించడంలో సాయం చేస్తుంది. ఒక వంతు పెరుగుకు మూడు వంతుల నీళ్లు పోసి చిలికిన మజ్జిగ అయితే ఇంకా పల్చన. పెరుగన్నం మానేయమనే సలహా అందుకే నాకు నచ్చదు. మానాల్సింది చిక్కటి పాలతో రోజుకు అయిదారుసార్లు తాగే టీ. కాఫీ, టీలు కలిపి రోజుకు మూడు కప్పులు మించొద్దని బ్రిటన్‌లో నైస్ సంస్థ 2008లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. పళ్లు రోజుకు మూడుసార్లు, ఒక్కోసారి 80 గ్రాములు దాటకూడదన్నదీ అందులోదే. ఎండాకాలం రసాలు అరడజను జుర్రేవాళ్లకు ఈ మాట రుచించదు. బొప్పాయి, అనాస, బత్తాయి తేలిక. అరటిపండు మచ్చలు పడి మగ్గే కొద్దీ ఫ్రక్టాన్ పెరుగుతుంది, గట్టిగా ఉండగా తినండి. కొబ్బరిబోండం సగం గ్లాసుతో ఆపండి.

ఇప్పుడు టీలు. మూలిక కదా, అన్నీ పేగుకు మంచివే అనుకోవడం దగ్గరే పొరపాటు. నీళ్లలో మరిగించినప్పుడు మందు గుణంతో పాటు ఫ్రక్టాన్లు కూడా దిగే మూలికలున్నాయి. సోంపు అందులో ఒకటి. భోజనం తర్వాత అర చెంచా నమిలితే ఇబ్బంది ఉండదు. దాన్నే చిక్కగా కాచి గ్లాసుడు తాగితే ఫాడ్‌మ్యాప్ మోతాదు దాటుతుంది. సీమచామంతి (చమోమిల్) టీ కూడా అంతే, అది నిద్రకు మంచిదని తాగి పొద్దున్నే ఉబ్బరంతో లేస్తారు.

పుదీనా టీలో ఆ ఇబ్బంది లేదు. ఇంకో తిరకాసు ఉంది. కడుపునొప్పికి పనిచేస్తుందని ఆధారం ఉన్నది పెప్పర్‌మింట్‌కు. దాన్లోని మెంథాల్ పేగు కండరంలోకి కాల్షియం వెళ్లకుండా అడ్డుకుని బిగువు సడలిస్తుంది. రావులపాలెం సంతలో కట్టలుగా దొరికే మన పుదీనా స్పియర్‌మింట్ జాతిది, దాని ఘుమఘుమ కార్వోన్ అనే వేరే నూనెది, మెంథాల్ అందులో అంతంతమాత్రం. హాయిగా ఉంటుంది, తాగండి, మందని మాత్రం లెక్కపెట్టుకోవద్దు. ఏ పుదీనా అయినా పది పన్నెండు ఆకులు నలిపి, పొయ్యి మీంచి దింపిన 200 మిల్లీలీటర్ల నీళ్లలో వేసి మూత పెట్టి ఎనిమిది నిమిషాలు ఉంచాలి. మూత లేకుండా మరిగిస్తే నూనె ఆవిరితో పోతుంది, వంటిల్లంతా పుదీనా వాసన, గ్లాసులో పచ్చటి నీళ్లు మిగులుతాయి. మెలిపెట్టే నొప్పి ఎక్కువగా ఉన్నవాళ్లు డాక్టర్ని అడిగి పేగులోనే కరిగే పూత ఉన్న పెప్పర్‌మింట్ నూనె గొట్టాలు (క్యాప్సూల్స్) వాడొచ్చు. సాధారణ మోతాదు 0.2 మిల్లీలీటర్లు, రోజుకు మూడుసార్లు, భోజనానికి అరగంట నుంచి గంట ముందు. నమలకూడదు. యాంటాసిడ్‌తో కలిపి మింగితే పూత కడుపులోనే కరిగి గుండెల్లో మంట పుడుతుంది. అసలే పుల్లతేన్పులు ఉన్నవాళ్లకు పుదీనా ఏ రూపంలోనైనా మంట పెంచుతుంది, అన్నవాహిక మూతిని కూడా సడలిస్తుంది కాబట్టి.

అల్లం అరంగుళం ముక్క తురిమి అయిదు నిమిషాలు కాయాలి, శొంఠి అయితే పావు చెంచా చాలు. వికారానికి బాగా పనిచేస్తుంది. ఐబీఎస్ నొప్పికి గట్టి ఆధారం లేదు. జీలకర్ర నీళ్లకు చెంచా గింజలు, 250 మిల్లీలీటర్ల నీళ్లు. వాము అర చెంచా మించితే గుండెల్లో మంట. అతిమధురం రోజూ తాగితే బీపీ పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది, బీపీ బిళ్లలు వేసుకునేవాళ్లు దాని జోలికి పోవద్దు. ఒళ్లు తగ్గే టీ అనీ, కడుపు శుభ్రం చేసే టీ అనీ అమ్మే పొట్లాల మీద సునాముఖి పేరుందేమో చూడండి. అది పేగును కొరడాతో తోలినట్టు తోలుతుంది, విరేచనాల రకం వాళ్లకు చేటు. కరక్కాయ, త్రిఫల కూడా మలాన్ని జారుడు చేసేవే.

ఏ టీ అన్నదానికంటే ఎప్పుడు తాగారన్నది కూడా చూసుకోవాలి. పరగడుపున వేడిగా తాగినది ఏదైనా పెద్దపేగును కదిలిస్తుంది. మలబద్ధకం రకం వాళ్లకు అది వరం. ఏడింటి బస్సుకు వెళ్లాల్సిన విరేచనాల రకం వాళ్లు గోరువెచ్చగా, కొద్దికొద్దిగా తాగాలి.

మలబద్ధకానికీ విరేచనాలకూ రెండింటికీ పనికొచ్చేది ఇసబ్‌గోలు. జిగురుగా ఉబ్బి, పల్చనిదాన్ని కడుతుంది, గట్టిదాన్ని మెత్తబరుస్తుంది. టీ చెంచా నిండా, సుమారు 3 గ్రాములు, పెద్ద గ్లాసు నీళ్లలో కలిపి చిక్కబడకముందే తాగేయాలి. వారానికోసారి పెంచుతూ రోజుకు 10 గ్రాముల దాకా వెళ్లొచ్చు. మొదటి రోజే మూడు చెంచాలు వేసుకుంటే ఉబ్బరం పెరిగి, ఇది పడలేదని మూల పడేస్తారు. వేడిపాలలో కలపొద్దు, లాక్టోజ్ ఎటూ తోడవుతుంది. మిగతా మందులకు రెండు గంటలు ఎడం ఉండాలి. గోధుమతవుడు దీనికి బదులు కాదు, ఐబీఎస్‌లో అది ఉబ్బరం పెంచుతుంది.

నాలుగు వారాలు గడిచి కడుపు నెమ్మదించాక తిరిగి తెచ్చే పని మొదలుపెట్టాలి. ఒకసారికి ఒకే రకం, మూడు రోజులు, మోతాదు పెంచుకుంటూ. లాక్టోజ్‌కు మొదటి రోజు అరకప్పు పాలు, రెండో రోజు ముప్పావు, మూడో రోజు కప్పు. వెల్లుల్లికి పావు రెబ్బ, అర రెబ్బ, ఒక రెబ్బ. గోధుమకు ఒకటి, రెండు, మూడు చపాతీలు. పప్పుకు వార్చని పెసరపప్పు రెండు చెంచాల నుంచి. మామిడిపండుకు పావు ముక్క నుంచి. తేడా చేస్తే అక్కడే ఆపి, రెండు మూడు రోజులు కుదుటపడ్డాక రెండో రకానికి వెళ్లాలి. పరీక్ష జరిగేటప్పుడు మిగతా తిండి మార్చకూడదు. పెళ్లిళ్ల నెలలో ఇది మొదలుపెట్టొద్దు, ఏది దేనివల్లో తెలియదు. వెల్లుల్లి పడనివాళ్లకు గోధుమ పడొచ్చు, రెండూ ఫ్రక్టానే అయినా మోతాదులు వేరు, విడివిడిగా చూసుకోవాల్సిందే.

పెళ్లిభోజనానికి వెళ్లక తప్పకపోతే పులిహోర, వంకాయ లేదా బెండకాయ వేపుడు ఉల్లి లేనిది, పెరుగు, అన్నం. పప్పు రెండు చెంచాలు. సాంబారు, ఉలవచారు వద్దు. తీపిలో కాజా మైదాది, పూతరేకు బియ్యప్పిండిది. ఆత్రేయపురం పూతరేకుల్లో పంచదార, నెయ్యి మాత్రమే ఉన్నది ఒకటి తినొచ్చు, మామూలు పంచదార ఈ లెక్కలోకి రాదు. డ్రైఫ్రూట్ పూతరేకుల్లో జీడిపప్పు, పిస్తా ఉంటాయి, ఫ్రక్టాన్ల లెక్కలో ఆ రెండూ ఉల్లిపాయకు చుట్టాలే.